వార్తల్లో పదం: ఎం.ఓ.

ఎం.ఓ. అంటే మెటీరియల్ ఆబ్జెక్ట్. నేరంతో ముడిపడిన కత్తి, దుస్తుల వంటి వస్తుసాక్ష్యం. పోలీసులు మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాసి, సీలు వేసి స్వాధీనం చేసుకుంటారు. విచారణలో సాక్షి గుర్తించాక కోర్టు ఎం.ఓ.1, ఎం.ఓ.2 అని నంబరు వేస్తుంది. సాక్ష్యం వస్తువు కాక పత్రమైతే అసలు ప్రతి చూపాలి; నకలు చట్టం చెప్పిన సందర్భాల్లోనే చెల్లుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం సీసీటీవీ దృశ్యాల కాపీకి సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి.

సాక్ష్యాలను భద్రపరచడం ఎంత ముఖ్యమో ఒక కేసు చూపుతుంది. 2007లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో జరిగిన విద్యార్థిని హత్య కేసులో శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ కేసు సాక్ష్యాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమయ్యాయని తర్వాత బయటపడింది. 2018లో దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. కేసు పూర్తిగా తేలేదాకా ఎం.ఓ.లను భద్రంగా ఉంచడం బాధిత కుటుంబానికి, నిందితుడికి కూడా న్యాయవ్యవస్థ ఇవ్వాల్సిన కనీస పూచీ.