అన్నం కొనిపెట్టే అక్క

టెక్నాలజీ శీర్షికలో కొరియన్ ప్రేమకథలేమిటని మీరు అడగొచ్చు. అడగండి, సమాధానం ఉంది.

మన సాఫ్టువేరు జనంలో వీటిని చూసేవాళ్ళు తక్కువేం కాదు, ఆఫీసులో ఒప్పుకునేవాళ్ళే తక్కువ. చూడనివాళ్ళ ఫిర్యాదు మాత్రం ఒక్కటే: "ఏమీ జరగదండీ!" పదహారు ఎపిసోడ్లు, ఒక్కోటి గంట పైన. అందులో సగం నడకలు, కాఫీలు, గొడుగులు. 2020లో నెట్‌ఫ్లిక్స్ ఆండ్రాయిడ్ ఫోన్లలో వేగం మార్చుకునే సౌకర్యం ఇచ్చింది కదా, అప్పట్నుంచీ 1.5 రెట్ల వేగంతో మొత్తం పదకొండు గంటల్లో ముగించేశామని గొప్పగా చెప్పుకునే మిత్రులున్నారు నాకు. నేననేదేమిటంటే, వీటిల్లో బోలెడు జరుగుతుంది. కాకపోతే జరిగేది తెర మీద కాదు, క్రియాపదం చివర.

వీడియో కంప్రెషన్ సంగతి మీకు తెలిసిందే. ప్రతి ఫ్రేమునూ మొదట్నుంచీ పంపకుండా, కిందటి ఫ్రేముకీ దీనికీ మారినదెంతో అంతే పంపుతుంది. ఇద్దరు మనుషులు బెంచీ మీద కదలకుండా కూర్చుంటే మారేది దాదాపు సున్నా. ఆ రెండు నిమిషాలూ చాలా తక్కువ బిట్లలో ఇమిడిపోతాయి. "ఏమీ జరగదు" అనేవాళ్ళ కళ్ళు కూడా ఇలాంటి కోడెక్కులే. ఆడియో ట్రాక్ మాత్రం వేరే కథ చెబుతూ ఉంటుంది.

కొరియన్‌లో "అన్నం తిన్నారా?" అనడానికి "బాప్ మొగొస్సొయో?" అంటారు. "తిన్నావా?" అనాలంటే చివరి "యో" తీసేస్తే చాలు. (అన్నట్టు, పలకరింపుగా అన్నం సంగతి అడగడం వాళ్ళకీ అలవాటే. బాప్ అంటే అన్నమూ, భోజనమూ కూడా.) పేరు చివర "షి" చేరిస్తే మన "గారు"కి దగ్గరగా ఉంటుంది. గౌరవం దించి చనువుగా మాట్లాడుకోవడానికి వాళ్ళకో పలుకుబడే ఉంది, "మాట కింద పెట్టడం" అని. ఇద్దరు కొత్తవాళ్ళు పరిచయమయ్యాక, మాట కింద పెడదామా అని ఒకరు అడగడం, రెండోవాళ్ళు ఒప్పుకోవడమో తప్పించుకోవడమో చేయడం, ఇదంతా కథలో పెద్ద మలుపు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో ముందూ "యూ"నే, తర్వాతా "యూ"నే. మీరు నుంచి నువ్వుకి ఎప్పుడు దిగామో, ఎవరు ముందు దిగారో గుర్తుపెట్టుకునే భాష మనది. ఈ దృశ్యాలు మనకి నిదానంగా అనిపించకూడదు నిజానికి.

2018లో జేటీబీసీ చానెల్లో వచ్చిన "సమ్‌థింగ్ ఇన్ ద రెయిన్" చూడండి. ముప్ఫై దాటిన అమ్మాయి, ఆమె స్నేహితురాలి తమ్ముడు. ఇంగ్లీషు పేరులో వాన ఉంది. కొరియన్ పేరు మాటకి మాట తెలుగులో చెబితే "అన్నం బాగా కొనిపెట్టే అందమైన అక్క". అక్క అన్న మాట "నూనా". మగవాళ్ళు తమకంటే పెద్దదైన ఆడమనిషిని పిలిచే మాట. ప్రేమ మొదలయ్యాక కూడా అబ్బాయి అదే పిలుపు పిలుస్తాడు. సబ్‌టైటిల్లో చాలాసార్లు దాని బదులు ఆమె పేరే కనబడుతుంది.

మా అమ్మ అమెరికా వచ్చినప్పుడు మధ్యాహ్నాలు మా ఆవిడతో కలిసి ఇది చూసేది. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు అంత వేగంగా చదవడం రాదు. రెండో రోజున అడిగింది, "ఆ పిల్లాడు మాటిమాటికీ నూనా నూనా అంటాడేమిట్రా?" అని. అక్క అని చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే ఆ పిల్ల తల్లి ఒప్పుకోదు," అంది. తల్లి అడ్డం చెప్పే భాగం రావడానికి ఇంకా చాలా గంటలుంది. అన్ని సబ్‌టైటిళ్ళూ చదివిన నాకంటే ఒక్క మాట విన్న ఆవిడకే కథ ముందు తెలిసింది.

అలాగని ప్రతి నిదానమూ కళ కాదు. ఈ సీరియల్లోనే ఆఖరి నాలుగు ఎపిసోడ్లూ నాకు సాగతీతే. నిడివి వెనక వ్యాపారమూ ఉంది. ఇదే దర్శకుడు ఆన్ పాన్ సొక్ 2019లో ఎంబీసీకి తీసిన "వన్ స్ప్రింగ్ నైట్" టీవీలో 32 భాగాలుగా వచ్చింది, నెట్‌ఫ్లిక్స్‌లో 16. కారణం, 2021 దాకా అక్కడి ప్రధాన చానెళ్ళకి కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వేసే అనుమతి లేదు. గంట భాగాన్ని రెండుగా విరిస్తే "మధ్య" అనేదే ఉండదు! మన కోడింగులో ఇలాంటి తెలివితేటలు కొత్తేమీ కాదు.

ఇక అసలు చిక్కు. ఈ వ్యాపారంలో కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి అనువదించడం అరుదు. ముందు ఇంగ్లీషులో ఒక మూలప్రతి తయారవుతుంది, మిగతా భాషల చాలామంది అనువాదకులు దాన్నుంచే పని చేస్తారు. ఖర్చు దృష్ట్యా అది సబబే, ఇంగ్లీషు వచ్చిన అనువాదకులు దొరికినట్టు కొరియన్ వచ్చిన తెలుగువాళ్ళు దొరకరు. కానీ ఫలితం చూడండి. బయల్దేరిన భాషలో మీరు-నువ్వు తేడా ఉంది, చేరే భాషలోనూ ఉంది, మధ్య మజిలీలో లేదు. యూనికోడ్ తెలుగు ఫైలుని ఆస్కీ గుండా పంపితే అవతల ప్రశ్నార్థకాలు మిగిలినట్టే. డబ్బింగ్ రాసేవాడు ఒక్కో "యూ" దగ్గరా ఆగి, వయసూ ముఖమూ చూసి ఊహించుకోవాలి. ఒక్కచోట తప్పు పడితే మూడో ఎపిసోడ్లో దిగాల్సిన "నువ్వు" మొదటి పలకరింపులోనే దిగిపోతుంది. మలుపు మాయమై, మిగిలేది గొడుగులూ కాఫీలూ.

ఇంజనీరుగా నాకు తోచే మార్గం పెద్దదేమీ కాదు. ఇంగ్లీషు మూలప్రతిలో ప్రతి వాక్యానికీ ఒక అదనపు ఫీల్డు: గౌరవమా, చనువా, పిలుపు మాట ఏమిటి. తెర మీద చూపక్కర్లేదు, అనువాదకుడికి కనబడితే చాలు. తెర మీద వరసకి 42 అక్షరాలు, రెండు వరసలు అన్న నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషు పరిమితి దీనికి అడ్డం రాదు. తెలుగుకే కాదు, హిందీకీ, తమిళానికీ, జపనీసుకీ పనికొస్తుంది.

ఫీల్డు పెట్టినా "నూనా" దగ్గర మాత్రం మనవాళ్ళు ఇరుక్కుంటారు. బావ, మరదలు మనకి సిద్ధంగా ఉన్నాయి. కానీ ప్రేమించిన అమ్మాయిని అబ్బాయి "అక్కా" అని పిలిస్తే తెలుగు ఇంట్లో టీవీ కట్టేస్తారు. అదే మాట అమ్మకి చెప్పి, నువ్వయితే ఏం రాస్తావని అడిగాను. "నూనా అనే ఉంచెయ్యి, అర్థమవుతోందిగా," అంది.