దూరము నుండి కథారచన నేర్చుట

కథలు వ్రాయుట నేర్పు పాఠములు ఇప్పుడు అంతర్జాలములో విరివిగా లభించుచున్నవి. మన పై తరగతుల పిల్లలలో కొందరు వీనిని సెల్‌ఫోనులో చూచుచున్నారు. ఇది చదువా, కాలక్షేపమా అని తలిదండ్రులు అడుగుచున్నారు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనిలోనో, విరుదునగరములో పప్పుధాన్యముల అంగడిలోనో పగలంతయు శ్రమించి బిడ్డను చదివించువారికి ఆ ప్రశ్న అడుగు హక్కు కలదు. ఈ చదువు ఎట్టిది, దాని వలన మనకు ప్రయోజనమేమి, ఇంటిలో పెద్దలు చేయవలసినదేమి అను విషయములను వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సంగీతమునకు గురువు కావలెనన్నచో ఎవరును ఆశ్చర్యపడరు. కథకు గురువనగానే, 'అది పుట్టుకతో రావలెను గాని నేర్పిన వచ్చునా?' అందురు. ఊహాశక్తిని ఎవరును నేర్పలేరు, నిజమే. కాని కథ ఎచ్చట ఆరంభింపవలెను, ఎవరి కంటితో చూచి చెప్పవలెను, పాత్రలచే ఏమి పలికింపవలెను, ఏది చెప్పక విడువవలెను అనునవి నేర్పదగిన పనులే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయములో 1936 నుండి ఈ పనిని తరగతిలో నేర్పుచున్నారు. ఆ విశ్వవిద్యాలయమునకు చెందిన అంతర్జాతీయ రచనా కార్యక్రమమువారు 2014లో కథారచనపై ఒక పాఠక్రమమును అంతర్జాలములో ఏ దేశస్థుడైనను రుసుము లేకుండ చదువునట్లు నడపిరి. బ్రాండన్ శాండర్సన్ అను నవలాకారుడు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయములో చెప్పిన పాఠములు యూట్యూబులో ఉచితముగా ఉన్నవి. ఇవి ఆంగ్లములో నున్నవి. తెలుగులో కథానిర్మాణమును తెలిసికొనగోరువారికి వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి 'కథాశిల్పం' ఉన్నది. ఆ గ్రంథమునకు 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది.

ఇట్టి చదువులో నాలుగు మెట్లు ఉండును. మొదట ఒక మంచి కథ చదువుట. రెండవది, ఆ కథ ఎట్లు కట్టబడినదో ఉపాధ్యాయుడు వివరింపగా వినుట. మూడవది, తానొక చిన్న రచన చేయుట. నాలుగవది, దానిని సహాధ్యాయులు చదివి చెప్పిన అభిప్రాయమును విని తిరిగి వ్రాయుట. ఒక ఉదాహరణము చూడుడు. అభ్యాసములో, 'కోపముగా నున్న తండ్రిని వర్ణింపుము. కోపమను మాట వాడకుము' అని ఇత్తురు. 'తండ్రికి చాల కోపము వచ్చెను' అని వ్రాయుటకు అలవాటుపడిన బాలుడు ఇప్పుడు ఆలోచింపవలెను. తండ్రి అన్నము కలిపి ముద్ద నోటికెత్తక కంచము ప్రక్కకు నెట్టెనా? ఎన్నడును పూర్తిపేరుతో పిలువనివాడు ఆనాడు పూర్తిపేరుతో పిలిచెనా? ఇట్లు వెదకుటలో బాలునికి మనుష్యులను గమనించు అలవాటు కలుగును. ఆ అలవాటు కథకే గాక ఏ చదువునకైనను, ఏ వృత్తికైనను పనికివచ్చును.

ఈ నాలుగింటిలో నాలుగవదే ముఖ్యము. పాఠములు వినుటతో తృప్తిపడువాడు ఈత గురించి చదివి నీటిలో దిగనివానితో సమానుడు. తన రచనను ఇతరుల యెదుట పెట్టి, లోపము విని, ఓర్పుతో దిద్దుకొనువాడే నేర్చును.

దూరమునుండి ఒకరికొకరు చదివి చెప్పుకొని కథకులగుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. కోవిల్‌పట్టికి సమీపమున ఇడైసేవల్ అను చిన్న గ్రామము కలదు. ఆ ఒక్క గ్రామమునుండి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము పొందిన తమిళ రచయితలు ఇద్దరు వచ్చిరి. ఒకరు కు. అళగిరిసామి, రెండవవారు కి. రాజనారాయణన్. ఇద్దరును బాల్యమిత్రులు. అళగిరిసామి చెన్నపట్టణమునను, కొన్నాళ్లు మలయా దేశమునను పత్రికలలో పనిచేసిరి. రాజనారాయణన్ గ్రామమునందే సేద్యము చేసికొనుచుండిరి. వారి నడుమ ఉత్తరములు నడచినవి. అళగిరిసామి తన మిత్రునికి వ్రాసిన ఉత్తరములు పిమ్మట గ్రంథముగా వెలువడినవి. నాడు తపాలా చేసిన పనినే నేడు అంతర్జాలము క్షణములో చేయుచున్నది. సాధనము మారినది గాని, ఒకడు వ్రాయుట, మరియొకడు శ్రద్ధతో చదివి బదులు చెప్పుట అను ధర్మము మారలేదు.

రాజనారాయణన్‌గారి జీవితమునుండి మనము గ్రహింపదగినది మరియొకటి కలదు. ఆయన పాఠశాల చదువు కొద్దికాలముననే ముగిసినది. ఆయన ఇంటి భాష తెలుగు. నల్లరేగడి నేలలోని రైతులు, వారి పలుకుబడి, అవ్వలు చెప్పు కథలు ఆయనకు పాఠ్యగ్రంథములైనవి. ఈ ప్రాంతపు పలుకులకు ఆయన ఒక నిఘంటువు కూడ కూర్చిరి. ఆంధ్రదేశమునుండి దక్షిణమునకు తరలివచ్చి అడవి నరికి ఊరు కట్టుకొనిన తెలుగువారి కథయే ఆయన 'గోపల్ల గ్రామము'. దాని తరువాయి నవలకు 1991లో అకాడెమీ బహుమానము వచ్చినది. పెద్ద పట్టములు లేని ఆయనను పుదుచ్చేరి విశ్వవిద్యాలయము ఆచార్యపదవికి ఆహ్వానించినది. 2021లో ఆయన మరణింపగా తమిళనాడు ప్రభుత్వము అధికార గౌరవములతో అంత్యక్రియలు జరిపించినది.

ఆయన ఆ కథలను తమిళములో వ్రాసిరి. అది లోపము కాదు. తమిళము మనకు అన్నము పెట్టిన నేలయొక్క భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. కాని మన తాతల వలసను గూర్చిన కథను మన పిల్లలు తమిళములో చదివి తెలిసికొనుచున్నారు. మన ఇండ్లలో శతాబ్దములుగా పలుకుచున్న తెలుగులో ఆ జీవితమును వ్రాయువాడు ఎవడు? విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న రచయిత మన అవ్వ మాట వినియుండలేదు. విన్నవారు మన పిల్లలే. వారు వ్రాయకున్నచో ఆ మాట అవ్వతోనే పోవును.

ఈ విషయములో కాలము మనకు అనుకూలముగా లేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ప్రకారము తమిళము ఒకటవ తరగతితో ఆరంభమై ఏడాదికొక తరగతి చొప్పున అన్ని పాఠశాలలందు నిర్బంధ పాఠ్యమైనది. మాతృభాష బోధనకు రాజ్యాంగములోని 350-ఏ అధికరణము ప్రాథమిక దశకు సంబంధించి ప్రభుత్వములకు బాధ్యత చూపుచున్నది. అయినను తరగతిలోని గంటలు మాత్రము భాషను నిలుపజాలవు. పరీక్ష కొరకు మాత్రమే చదివిన భాష పరీక్షతోనే ముగియును. తన మాటను ఆ భాషలో చెప్పనేర్చినవాడు దానిని విడువడు. కావున కథారచన మన పిల్లలకు అలంకారము కాదు. తెలుగును తమదిగా చేసికొను మార్గము.

చదువుటకు తెలుగు కథలు ఇచ్చట దొరకవని కొందరందురు. ఆ లోటు ఇప్పుడు తీరినది. స్వయముగా పాఠశాల ఉపాధ్యాయుడైన కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున 'కథానిలయము' అను గ్రంథాలయమును స్థాపించిరి. తెలుగు కథలన్నిటిని ఒక్కచోట చేర్చుట దాని ఆశయము. అచ్చటి కథలు వేలకొలది అంతర్జాలములో ఉచితముగా చదువ లభించుచున్నవి. 1910లో వెలువడిన గురజాడవారి 'దిద్దుబాటు' మొదలు నేటి కథలవరకు విరుదునగరములో కూర్చుండి చదువవచ్చును. పాఠము ఆంగ్లములో వినినను, కథ తెలుగులో చదివి తెలుగులో వ్రాయుట మన పిల్లలకు తగిన పద్ధతి.

ఈ చదువుకు హద్దులు కూడ కలవు. వెల గట్టిన పాఠములన్నియు మంచివి కావు. కొలది వారములలో రచయితను చేయుదుమను ప్రకటనలను నమ్మరాదు. నేడు అడిగినంతనే కథ వ్రాసి ఇచ్చు యంత్రములు వచ్చినవి. అట్టి కథను తనదని చూపు బాలుడు ఇతరునిచే వ్యాయామము చేయించి తనకు బలము రావలెనని కోరువాడు. అపరిచితులు గల సమూహములలో పిల్లలు తమ చిరునామా, ఫోను సంఖ్య, ఛాయాచిత్రము ఇయ్యకుండ పెద్దలు చూడవలెను.

తలిదండ్రులు చేయవలసినది స్వల్పము. వారమునకు రెండు మూడు గంటలు నిర్ణయించి, పాఠము విన్నంత సేపు వ్రాయుటకును నియమింపుడు. మొదట నోటుబుక్కులో చేతితో వ్రాయనిండు; అక్షరము కుదిరిన పిమ్మట ఫోనులో తెలుగు టైపు చేయవచ్చును. అవ్వతాతలు చెప్పు సంగతులు విని వ్రాయుమనుడు. ఇంటిలో పలుకు మాట గ్రంథములలో లేదని దానిని కొట్టివేయకుడు. పిల్లవాడు వ్రాసినది మీరే మొదట చదువుడు. తెలుగు చదువలేనివారు చదివించుకొని వినుడు. తప్పులు లెక్కింపక, ఎచ్చట విసుగు కలిగినది, ఎచ్చట అర్థము కాలేదు, ఏ మాట మనసున నిలిచినది అను మూడింటిని చెప్పుడు. విశ్వవిద్యాలయపు పాఠములో సహాధ్యాయి చేయు పనియు దాదాపు ఇదియే.

రాబోవు వార్షిక సంచికలో విద్యార్థులు స్వయముగా వ్రాసి, ఇంటిలో చదివి వినిపించి, ఒక్కమారైనను తిరిగి వ్రాసిన తెలుగు కథలకు కొన్ని పుటలు కేటాయింపవలసినదిగా సంపాదకవర్గమును కోరుచున్నాను. ఆ పుటలు నిండుట మన ఇండ్లపై ఆధారపడియున్నది.