కుట్లు వేసినా ఆగని రక్తం

పిల్లవానికి ఆపరేషనై నాలుగు రోజులైనా కుట్ల వెంట రక్తం వూరుతూనే వుంటే తల్లిదండ్రులు డాక్టరునే అనుమానిస్తారు. పాపం, తప్పు ప్రతిసారీ కుట్లది కాదు.

హీమోఫీలియా 'ఎ' జబ్బున్నవారికి రక్తం గడ్డ కట్టించే ఎనిమిదవ ఫ్యాక్టరు కొరవడుతుంది. ఆపరేషనప్పుడు దానిని సూదిమందుగా ఎక్కిస్తారు. చిక్కంతా అక్కడే వచ్చింది. తానెరుగని ఆ మందును ఒంట్లోని రక్షణశక్తి శత్రువనుకుని విరిచేస్తుంది! జబ్బు తీవ్రంగా వున్నవారిలో నూటికి 25 నుంచి 30 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇలా జరుగుతున్నది. ఎక్కువ మోతాదులో మందు పడే ఆపరేషన్ల తర్వాత ప్రమాదం హెచ్చు. రక్తపరీక్షలో ఈ సంగతి తేలితే ఏడవ ఫ్యాక్టరు మందుతో రక్తం ఆపడానికి చూస్తారు.

ఈ జబ్బు ఎక్కువగా తల్లివైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. కనుక పన్ను పీకించాలన్నా, సున్తీ చేయించాలన్నా, చిన్న దెబ్బకే రక్తం ఆగని మేనమామలెవరైనా వుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. నొప్పి అన్నాడని ఆస్పిరిన్ మాత్ర మాత్రం వేయరాదు.