కణం వాకిట గ్రాహకాలు

శరీరంలోని తెల్లకణాలు పరస్పరం వార్తలు పంపుకొనేది చాలావరకు ప్రోటీన్ల ద్వారానే. ఒక కణం విడుదల చేసిన సంకేత ప్రోటీను మరొక కణాన్ని చేరి, దాని పైపొరలో నాటుకొని ఉన్న గ్రాహకమనే ప్రోటీనును పట్టుకొంటుంది. వెలుపల జరిగిన ఆ సంగతిని గ్రాహకం లోపలికి తెలియజేస్తుంది. సంకేతం ఎంత ఉన్నా, గ్రాహకం లేని కణానికి అది అందదు. ఇంటర్‌ల్యూకిన్-2 గ్రాహకాన్ని వెదకిన చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

టి-కణాల వృద్ధికి తోడ్పడే ఈ ప్రోటీనును గురించి 1976లో అమెరికాలో మోర్గన్, రుసెట్టి, గాలో వెల్లడించారు. 1981లో రాబ్, మంక్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు దానికి రేడియోధార్మిక గుర్తు కల్పించి కణాలతో కలిపి చూశారు. ఉత్తేజితమైన టి-కణాలకు అది అంటుకొన్నది. విశ్రాంత కణాలకు దాదాపు అంటలేదు. మోతాదు పెంచుతూ పోగా ఒక హద్దు వద్ద అంటుకోవడం ఆగింది. అంటే గ్రాహకాల సంఖ్య పరిమితమన్నమాట. అదే ఏడాది ఉచియామా, వాల్డ్‌మన్ ప్రకటించిన యాంటీ-టాక్ అనే యాంటీబాడీ ఈ గ్రాహకాన్నే పట్టుకొంటుందని తరువాత తేలింది. దాని సాయంతో 1984లో ఆల్ఫా గొలుసు జన్యువు లభించింది.

ఇక్కడే చిక్కు ఎదురయింది. ఆల్ఫా గొలుసులో కణం లోపల ఉండే భాగం 13 అమైనో ఆమ్లాలు మాత్రమే. అంత పొట్టి తోక సంకేతాన్ని లోపలికి అందించజాలదు. పైగా ఆల్ఫా ఒంటరిగా ఏర్పరచే బంధం, పూర్తి గ్రాహకపు బంధం కన్న సుమారు వేయి రెట్లు బలహీనం. కనుక దానికి తోడు ఉండి తీరాలి. 1986లో బీటా గొలుసు బయటపడింది. అప్పటికీ లెక్క తేలలేదు. 1992లో జపానులోని తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన సుగమురా బృందం మూడవదైన గామా గొలుసు జన్యువును కనుగొన్నది.

ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది. మగశిశువులకు సంక్రమించే ఒక తీవ్రమైన రోగనిరోధక లోపానికి మూలం గామా జన్యువులోని దోషమేనని 1993లో వారెన్ లెనార్డ్ బృందం నిరూపించింది. హ్యూస్టన్‌లో సూక్ష్మజీవులు చొరని ప్లాస్టిక్ గదిలో పెరిగి, 1984లో పన్నెండవ ఏట మరణించిన డేవిడ్ వెటర్‌ది ఈ వ్యాధే.

ఇంటర్‌ల్యూకిన్-2 ఒక్కటే లోపిస్తే టి-కణాలు పుట్టకపోవు. ఈ శిశువులలో మాత్రం అవి దాదాపు శూన్యం. గామా గొలుసు ఇంటర్‌ల్యూకిన్ 2, 4, 7, 9, 15, 21 అనే ఆరింటి గ్రాహకాలకు ఉమ్మడి కావడమే ఇందుకు కారణం. టి-కణాల పుట్టుకకు అత్యవసరమైనది వాటిలో ఏడవ సంఖ్య గలది.

కొత్త టి-కణాలు ఏర్పడేటప్పుడు మిగిలే డి.ఎన్.ఎ. తునకలను శిశువు మడమ నుండి తీసిన రక్తంలో లెక్కించి ఈ లోపాన్ని పసిగట్టవచ్చు. 2018 చివరికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలలోను ఈ పరీక్ష అమలులోకి వచ్చింది. తీవ్ర రోగనిరోధక లోపంతో పుట్టి, మూడున్నర నెలలలోపు మూలకణాల మార్పిడి పొందిన శిశువులలో నూటికి 94 మంది ఐదేళ్ల తరువాత జీవించి ఉన్నారని 2014 నాటి అధ్యయనం తెలిపింది.

భారతదేశంలో పుట్టగానే వేసే బి.సి.జి. టీకాలో ఉండేవి సజీవ సూక్ష్మజీవులు. ఆరోగ్యవంతులకు మేలు చేసే ఆ టీకాయే ఈ శిశువులకు ప్రాణాంతకం కావచ్చు. తల్లి వైపు బంధువులలో మగబిడ్డలు పసితనంలోనే అంటురోగాలతో మరణించిన చరిత్ర ఉంటే, ఇక్కడైనా స్వదేశంలోనైనా కాన్పుకు ముందే ఆ సంగతి వైద్యులకు తెలియజేయడం అవసరం.