గ్రామసింహం గోత్రం

వీధిలోంచి ఒక కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటే చాలు, మనం దానికి పేరు పెట్టేలోగా గోత్రం పెట్టేవాళ్లు తయారవుతారు. పాలు పోసే ఆయన చెవులు చూసి అల్సేషియన్ క్రాస్ అంటాడు. పై వాటా ఆవిడ తోక చూసి పామేరియన్ కలిసిందంటుంది. ఎదురింటి మాస్టారు కాళ్ల పొడవు కొలిచినట్టు చూసి, రాజపాళయం రక్తమేనని తేల్చేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి ఒక చెవి నిలబడుతుంది, ఇంకోటి సగంలో వాలిపోతుంది, తోక వీపు మీదికి చుట్ట తిరుగుతుంది. మాస్టారు మాత్రం తగ్గరు. "డాబర్‌మాన్ కూడా కలిసిందండీ, అందుకే ఇలా తేలింది" అంటారు.

ఈ సరదా వెనక ఒక నమ్మకం దాగుంది. మొదట జాతి కుక్కలు ఉండేవనీ, అవి వీధినపడి కలగాపులగమైతే ఊరకుక్క పుట్టిందనీ మనందరి లెక్క. జరిగింది సరిగ్గా తలకిందులు. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్‌లో ఒక స్త్రీ, ఒక పురుషుడితో పాటు పూడ్చిన కుక్క ఎముకలు దొరికాయి. వాటి వయసు దాదాపు పద్నాలుగు వేల ఏళ్లు. ఇక జాతులకు పుస్తకం తెరిచి, తల్లీతండ్రుల పేర్లు రాసి, బయటి కుక్కతో కలవనీయకుండా కట్టడి చేసిన లండన్ కెన్నెల్ క్లబ్ పుట్టింది 1873లో. వేటకుక్కలూ కాపలా కుక్కలూ అంతకుముందూ ఉన్నాయి గానీ, ఇలా తలుపులు మూసిన వంశాలు మాత్రం నిన్నమొన్నటివి. ఊరకుక్క తాను అయితే, జాతి కుక్కలు అందులోంచి కత్తిరించుకున్న ముక్కలు. ముక్కల్ని కలిపి కుడితే తాను అయిందనుకోవడం మన పొరపాటు.

దీనికి గట్టి సాక్ష్యమే ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, వారి సహచరులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. 38 దేశాల నుంచి 549 ఊరకుక్కల జన్యువులను తీసుకుని, 161 జాతుల కుక్కలతో పోల్చి చూశారు. దక్షిణ పసిఫిక్ దీవుల్లోనూ, అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల్లోనూ వీధుల్లో తిరిగేవి దాదాపు పూర్తిగా ఐరోపా కుక్కల సంతానమే. వియత్నాం, ఈజిప్టు, భారతదేశాల ఊరకుక్కల్లో మాత్రం ఐరోపా పాలు నామమాత్రం. సీమకుక్క వాసన పెద్దగా తగలని పాత వంశం మన సందుల్లోనే తిరుగుతోందన్నమాట.

అయినా మన కళ్లు ఊరుకోవు. గోధుమ రంగు కనిపిస్తే చాలు, లాబ్రడార్ గుర్తుకొస్తుంది. రెండింటి రంగూ ఒకటే గానీ, ఆ రంగు వచ్చిన దారులు వేరు. పసుపు లాబ్రడార్‌లో, వెంట్రుకకు నల్లరంగు ఎక్కించాల్సిన జన్యువు ఒకటి పనిచేయదు. ముక్కు నల్లగా ఉన్నా దాని ఒంటి మీద నల్ల వెంట్రుక ఒక్కటి దొరకదు, మీసంతో సహా. మన ఎర్రకుక్కలో ఆ జన్యువు చక్కగా ఉంటుంది. ఇంకో జన్యువు దాన్ని చాలాచోట్ల అణిచి ఉంచుతుంది, అంతే. మా ఇంటి కుక్కను పొద్దుటెండలో పక్కన కూర్చోబెట్టుకుని వీపు మీద వెంట్రుకలు వేళ్లతో విడదీస్తే, ఒక్కో వెంట్రుకా మొదట్లో పాలిపోయి, నడుమ గోధుమరంగుకు తిరిగి, కొసన నల్లటి చుక్కతో ముగుస్తుంది. మూతి చుట్టూ నలుపు, మీసాలూ నలుపే. లాబ్రడార్ వాదం అక్కడితో సరి.

అసలు వింత ఇంకోటుంది. పసుపు లాబ్రడార్, ఎర్ర ఊరకుక్క జత కడితే పిల్లలు సాధారణంగా నల్లగా పుడతాయి! లాబ్రడార్‌లో నల్లరంగును శాసించే బలమైన జన్యువు దాగి ఉంటుంది, కానీ దాని మాట వినే జన్యువు ఆ ఒంట్లో చెడిపోయి ఉంటుంది. ఊరకుక్క దగ్గర ఆ వినే జన్యువు బాగుంటుంది. పిల్లలో రెండూ కలుస్తాయి, నలుపు బయటపడుతుంది. అంటే లాబ్రడార్ తండ్రిని వెతకదలుచుకుంటే పచ్చటి పిల్లను వదిలి, దాని పక్కన ఆడుకుంటున్న నల్లదాన్ని చూడాలి. ఏ మాస్టారికి తట్టే సంగతి?

బొచ్చు కూడా ఇలాగే మోసం చేస్తుంది. కుక్క బొచ్చులోని రకాలన్నిటినీ చాలావరకు మూడు జన్యువులే నడిపిస్తాయని 2009లో తేలింది. వాటిలో పొడుగు బొచ్చును తెచ్చేది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పైకి కనబడుతుంది. అందుకే పామేరియన్‌కు ఊరకుక్క వల్ల పుట్టిన పిల్లలు పొట్టి బొచ్చుతోనే ఉంటాయి. ఆ బొచ్చు ఎప్పుడో మనవల తరంలో హఠాత్తుగా తేలుతుంది. మూతి చుట్టూ గడ్డం, కళ్ల మీద పడే కనుబొమలు అలా కాదు, ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు. వీధికుక్కకు గడ్డం ఉంటే మాత్రం ఏ షిట్జువో గోడ దూకిందని ధీమాగా చెప్పొచ్చు. వయసుకు తగ్గ ఒళ్లుండి కాళ్లు మరీ పొట్టిగా ఉన్నా అంతే, డాక్స్‌హుండ్ మీద అనుమానపడొచ్చు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల ఇలాంటివి ఇప్పుడు కనబడుతూనే ఉన్నాయి. ముద్దు తీరాక వదిలేసిన కుక్కలకు వీధే దిక్కు కదా.

ఛాతీ మీద తెల్లమచ్చ, పాదాలకు తెల్లని అంచు, తోక కొసన తెల్లకుచ్చు ఉంటే చాలామంది ఏదో విదేశీ కలయిక అనుకుంటారు. అవి పిండం పెరిగేటప్పటి ప్రయాణపు జాడలు. రంగునిచ్చే కణాలు వెన్ను దగ్గర పుట్టి, అక్కణ్ణుంచి పక్కలకూ కిందికీ నడుచుకుంటూ వెళతాయి. అన్నిటికన్నా దూరం ఛాతీ, వేళ్ల కొసలు, తోక చివర. కొన్ని కణాలు అక్కడిదాకా చేరవు, చేరని చోట తెల్లగా మిగిలిపోతుంది. ఇందులో ఏ జాతి ప్రమేయమూ లేదు. కళ్ల పైన రెండు గోధుమరంగు చుక్కలుండే నల్లకుక్కను ఇప్పుడైతే డాబర్‌మాన్ అంటాం గానీ, ఋగ్వేదంలో యముడి రెండు కుక్కలకూ నాలుగేసి కళ్లున్నాయని వర్ణన ఉంది. ఆ చుక్కలనే కళ్లుగా ఎంచి ఉంటారని పండితుల్లో ఒక ఊహ. అదే నిజమైతే డాబర్‌మాన్ పుట్టకముందే, వేల ఏళ్ల కిందటే, ఆ చుక్కల కుక్క ఈ నేల మీద మనిషిని తేరిపార చూస్తోందన్నమాట.

రూపం చూసి తల్లీతండ్రులను చెప్పడం ఎంత కష్టమో 1965లోనే స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు తమ పుస్తకంలో చూపించారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, జాక్సన్ లాబొరేటరీలో వారు కాకర్ స్పానియల్‌నూ ఆఫ్రికా వేటకుక్క బసెంజీనీ కలిపి తరాలు పెంచారు. ఆ సంతానం ఫొటోలు చూస్తే అటు కాకర్ కాదు, ఇటు బసెంజీ కాదు, మూడో జాతి దేన్నో తలపించేవి కూడా కనిపిస్తాయి. కలిసినవి రెండే జాతులని ముందే తెలిసిన చోటే ఇంత తికమక. ఏమీ తెలియని మన వీధి మూల కుక్క సంగతి వేరే చెప్పాలా! 2009లో కాలిఫోర్నియాలో విక్టోరియా వోయిత్ బృందం కుక్కల్ని దత్తతకిచ్చే సంస్థలు చెప్పిన జాతులను డీఎన్‌ఏ పరీక్షలతో పోల్చింది. పరీక్షించినవి 20 కుక్కలే అయినా, ఎక్కువ వాటి విషయంలో రెండు జవాబులూ పొసగలేదు. డీఎన్‌ఏ పరీక్షకూ ఒక హద్దుంది. పోల్చి చూసే జాబితాలో మన ఊరకుక్క లేకపోతే, అది ఉన్న జాతుల్లోంచే ఏదో నాలుగింటిని ఏరి శాతాలు వేసి పంపుతుంది. డబ్బు పెట్టి తెలుసుకున్నాం గనక నమ్ముతాం.

జాతి కన్నా పుట్టిన నెల అడిగితే నయమేమో. చిత్తకార్తె కుక్కలని మనవాళ్లు ఊరికే అనలేదు. జాతి కుక్కలు చాలావరకు ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తాయి. ఊరకుక్క మాత్రం సాధారణంగా ఏడాదికి ఒక్కసారే, అదీ వానలు వెనకబడే రోజుల్లో. చూలు దాదాపు 63 రోజులు. చిత్తకార్తె అక్టోబరు మధ్యలో వస్తుంది గనక పిల్లలు డిసెంబరు చలిలో ఆగి ఉన్న కార్ల కింద, ఇసుక కుప్పల మీద కళ్లు తెరుస్తాయి. ఒకే కాన్పులోని పిల్లలకు తండ్రులు వేరువేరుగా ఉండటం కూడా మామూలే. నల్లది, ఎర్రది, పులిచారలది ఒకే తల్లి దగ్గర పాలు తాగుతుంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక గుణమైనా జాతిని బట్టి వస్తుందా అంటే, 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఆ ఆశనూ తుంచేసింది. 18 వేలకు పైగా కుక్కల యజమానుల జవాబులు, 2 వేలకు పైగా కుక్కల డీఎన్‌ఏ కలిపి చూస్తే, ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వివరించగలిగింది 9 శాతమే.

జాతి పేరే కావాలనుకునేవారికి తెలుగు నేల మీద పేర్లకు కరువు లేదు. కర్నూలు జిల్లా పందికోన ఊరి పేరుతోనే కాపలాకు పేరుపడ్డ పందికోన కుక్క ఉంది. కోస్తాలో, కొల్లేరు చుట్టుపక్కల జోనంగి ఉంది. ఒంటి మీద ఉందా లేదా అనిపించే సన్నటి వెంట్రుక, నుదుట ముడతలు, మొరుగుడుకు బదులు గొంతు ఎత్తి దింపుతూ తీసే రాగం. బాతులను తోలుకెళ్లే కాపరులకు ఒకప్పుడు అది కుడిభుజం. చెరువులు తవ్వి చేపలూ రొయ్యలూ పెంచడం మొదలయ్యాక దానికి పని పోయింది, ఆదరణ కూడా పోయింది. వీటిని ఏ క్లబ్బూ తీర్చిదిద్దలేదు. ఆ ఎండ, ఆ బురద, అక్కడి మనుషులు కలిసి తీర్చాయి.

పెద్ద కుక్కను తెచ్చుకుంటే చెవి కొసన చిన్న కత్తిరింపు కనిపించవచ్చు. అది కొట్లాటలో తెగింది కాదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని తెలిపే గుర్తు. పిల్లను తెచ్చుకుంటే మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించడం మానకండి. టీకా కార్డులో జాతి దగ్గర ఏం రాయమంటారని అడుగుతారు. క్రాస్ అనొద్దు. దేశవాళీ అని రాయించండి.