వైద్యవిద్యలో లంచాలు – రోగికి కలిగే నష్టము

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తరువాత బాబు పుడితే ఇంత, పాప పుడితే ఇంత అని మామూలు అడగడం మన పాఠకులలో చాలామందికి తెలిసిన సంగతే. స్ట్రెచర్ తోసినందుకు ఒకటి, కట్టు మార్చినందుకు ఒకటి. ఇది కంటికి కనిపిస్తుంది కనుక అందరమూ దీనినే తిడతాము. అయితే కంటికి కనిపించని అవినీతి ఇంకొకటి ఉన్నది. అది కళాశాలకు అనుమతి ఇచ్చే చోట మొదలై చివరకు రోగి పడక దగ్గరకే వస్తుంది.

డొనేషన్లు తీసుకొని సీటు ఇవ్వరాదని ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం చేశారు. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు ఇచ్చినది కూడా మన రాష్ట్రం పేరు మీద నడిచిన వ్యాజ్యములోనే. అయినా సీట్ల బేరం ఆగలేదు. పొలం అమ్మి, అప్పు తెచ్చి సీటు కొన్న కుటుంబం ఆ సొమ్ము ఎక్కడ నుండి రాబట్టుకొంటుంది? అక్కరలేని స్కానింగులు, కమీషన్ మీద రాసే పరీక్షలు ఊరికే పుట్టవు. 2016 నుండి దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్ష నీట్ రావడం మేలే చేసింది. కాని పరీక్షకు కూడా బేరగాళ్లు ఉన్నారు. అదే ఏడాది జూలైలో తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నపత్రం బయటకు పొక్కినందున దానిని రద్దు చేసి, సెప్టెంబరులో పిల్లల చేత మరలా రాయించవలసి వచ్చినది.

ఇక తనిఖీల సంగతి. కళాశాలకు అనుమతి కావాలంటే తగినంతమంది అధ్యాపకులు, నిండిన పడకలు ఉండాలి. తనిఖీ తేదీ ముందుగా తెలిస్తే ఆ ఒక్కరోజుకు ఇతర ఊళ్ల డాక్టర్లు వచ్చి సంతకం చేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారిని తీసుకొచ్చి పడకల మీద పడుకోబెడతారు. 2010లో లంచం కేసులో భారత వైద్యమండలి అధ్యక్షుడినే సీబీఐ అరెస్టు చేసినది. ఆ మండలి పోయి 2020 సెప్టెంబరు 25 నుండి జాతీయ వైద్య కమిషన్ వచ్చినది. వేలిముద్రల హాజరు పెట్టారు, తరువాత ముఖం చూపించి వేసే హాజరు పెట్టారు. అయినా 2025 జూన్ ఆఖరున సీబీఐ నమోదు చేసిన కేసులో మరల అవే ఆరోపణలు: తనిఖీ తేదీలు ముందుగా చెప్పడం, లేని అధ్యాపకులు, ఉత్తుత్తి రోగులు. మండలి పేరు మారింది గాని, మూసిన తలుపుల వెనుక తనిఖీ చేసే పద్ధతి మారలేదని మా అభిప్రాయము.

నర్సింగు విద్య కూడా దీనికి మినహాయింపు కాదు. మధ్యప్రదేశ్‌లో కాగితాల మీదనే నడిచే నర్సింగు కళాశాలలపై హైకోర్టు విచారణకు ఆదేశించగా, తనిఖీకి వెళ్లిన సీబీఐ ఇన్‌స్పెక్టరే లంచం తీసుకొంటూ 2024 మే నెలలో తన శాఖకే పట్టుబడ్డాడు. అప్పుడు హైకోర్టు, న్యాయాధికారి ఎదుట వీడియో తీస్తూ మళ్లీ తనిఖీ చేయమన్నది. మాకు ఈ పద్ధతి నచ్చింది. అన్ని కళాశాలలకూ, తేదీ చెప్పకుండా ఇలాగే చేసి, ఆ వీడియోను, అధ్యాపకుల పేర్లను ప్రజల ముందు ఉంచితే ఉత్తుత్తి రోగి ఎవరో ఆ ఊరివారే చెబుతారు. వార్డులో చేయి తిరగని అమ్మాయి చేతికి సర్టిఫికెట్టు ఇచ్చి రాత్రి డ్యూటీకి పంపితే ఏమవుతుందో మాకు తెలుసు. డ్రిప్పులో పొటాషియం ఎంత నెమ్మదిగా ఎక్కించాలో పుస్తకం చెబుతుంది గాని, పక్కన నిలబడి చేయి పట్టి ఆపేది సీనియర్ సిస్టరే.

ప్రభుత్వ ఆసుపత్రులలో మార్పు సాధ్యమేనని తమిళనాడు చూపించింది. అక్కడ 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను పెట్టారు. బహిరంగ టెండరు, ప్రతి బ్యాచికీ ల్యాబు పరీక్ష, జిల్లాకు ఒక గోదాము, ప్రతి ఆసుపత్రికీ ఒక పాసుబుక్కు. ఎవరికి ఎంత మందు వెళ్లిందో పుస్తకములో కనిపిస్తుంది. అమ్మరాదని మందుల అట్టల మీదనే ముద్రిస్తారు కనుక బయట దుకాణములో అమ్మితే పట్టుబడతారు. తరువాత కేరళ, రాజస్థాన్ కూడా ఈ దారి పట్టాయి. కాంట్రాక్టు ఆయాలకు, శుభ్రం చేసేవారికి నెలల తరబడి జీతం ఆపి, వారు చేయి చాపుతున్నారని కేకలు వేయడం కూడా న్యాయం కాదు. జీతం నెల నెలా బ్యాంకులో పడాలి. ఆ తరువాత కూడా అడిగితే చర్య తీసుకోవాలి.

పాఠకులు తెలిసికోవలసినవి కొన్ని ఉన్నవి. జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 జూన్ నుండి అమలులో ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తము, పరీక్షలు ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజుల వరకు భోజనం ఇవ్వాలి. ఇంటి నుండి తీసుకువెళ్లి, తిరిగి దింపే బాధ్యత కూడా వారిదే. ఎవరైనా డబ్బు అడిగితే రసీదు ఇవ్వమనండి. 2018లో సవరించిన చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజులలోపు పోలీసులకు గాని ఏసీబీకి గాని తెలిపితే వారి మీద కేసు ఉండదు. కాన్పు హడావిడిలో ఈ 7 రోజులు ఇట్టే గడిచిపోతాయి గనుక, అడిగినవారి పేరు, రోజు, వేళ అప్పటికప్పుడే ఓ.పి. చీటీ వెనుక రాసి ఉంచుకోండి. ఏసీబీ ఫోను నంబరు 1064, ఉచితం.