క్లాసు తప్పితే నర్సింగ్ మానేయాలా?

గత ఏడాది మన బడి సంక్రాంతి సంబరాల్లో పులిహోర వడ్డిస్తుంటే ఒక తల్లి మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆవిడ కూతురు ఒకప్పుడు మా దగ్గర గుణింతాలు దిద్దిన పిల్లే. నర్సింగ్ చదవాలని కాలేజీలో చేరి, మొదటి సెమిస్టరులోనే అనాటమీ, కెమిస్ట్రీ రెండూ తప్పింది. క్రిస్మస్ సెలవులన్నీ ఇంట్లో నోరు విప్పలేదట. "మళ్ళీ కట్టించాలా, కంప్యూటర్స్‌కి మార్పించాలా? నలుగురికీ ఏమని చెప్పాలి?" అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ. మాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత ఆ అమ్మాయితో కూర్చుని తెలుసుకున్న విషయాలే ఇవి.

ఫెయిల్ అనగానే మనకు ఇండియాలోని సప్లిమెంటరీ గుర్తొస్తుంది. మాలో కొందరం ఇంజినీరింగ్‌లో పేపర్లు తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కినవాళ్ళమే. ఇక్కడ పరీక్ష ఒక్కటే రాస్తే చాలదు. క్లాసంతా మళ్ళీ తీసుకోవాలి, ఫీజు మళ్ళీ కట్టాలి. పాత గ్రేడు కూడా సాధారణంగా ట్రాన్‌స్క్రిప్టులో కనబడుతూనే ఉంటుంది.

నర్సింగ్ సీటు కోసం ముందుగా పూర్తి చేయాల్సిన క్లాసులను ప్రీరిక్విజిట్లు అంటారు. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, చాలాచోట్ల కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ ఇందులో ఉంటాయి. 'డి' వస్తే కాలేజీ పాసైనట్టు చూసినా, చాలా నర్సింగ్ విభాగాలు 'సి' కన్నా తక్కువను ఒప్పుకోవు. కొన్ని కాలేజీలు ఒక్కసారే మళ్ళీ తీసుకోనిస్తాయి. అందుకే నిర్ణయానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఎందుకు తప్పాం? ఆ అమ్మాయి వారానికి పాతిక గంటలు దుకాణంలో పనిచేస్తూ, పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టేది. ఎముకలు, కండరాలు, నరాల పేర్లు ఒక్క రాత్రిలో వచ్చేవి కావు. కారణం మారకుండా క్లాసు మళ్ళీ తీసుకుంటే ఫలితమూ మారదు.

రెండవది, కాలేజీ నియమం ఏమిటి? చిన్న లెక్క చూడండి. 30 క్రెడిట్లలో 3.5 ఉన్న విద్యార్థి 8 క్రెడిట్లు ఫెయిలైతే జీపీఏ 2.76కి పడుతుంది. ఆ 8 క్రెడిట్లు మళ్ళీ తీసుకుని 'బి' తెచ్చుకున్నాడనుకోండి. పాత గ్రేడును లెక్కలోంచి తీసేసే కాలేజీలో జీపీఏ 3.39 అవుతుంది. రెండింటినీ కలిపి లెక్కించే చోట 2.80 దగ్గరే ఆగిపోతుంది. వేరే కాలేజీలో మళ్ళీ తీసుకుంటే పాత గ్రేడు మారకపోవచ్చు కూడా. ఫెయిలైన క్రెడిట్లు ఫెడరల్ ఆర్థిక సహాయానికీ అడ్డు రావచ్చు. ఇవన్నీ అడ్వైజర్‌ను అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకోవడం మంచిది.

మూడవది, ఈ పని నిజంగా ఇష్టమేనా? తెలుసుకోవడానికి మంచి దారి సి.ఎన్.ఎ. శిక్షణ. ఫెడరల్ నియమం ప్రకారం కనీసం 75 గంటలు ఉంటుంది. రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం అందులోనే నేర్పుతారు. ఆ పని చేశాక కూడా మనసు అక్కడే ఉంటే, మళ్ళీ ప్రయత్నించడానికి అర్థముంది. లేకపోతే దారి మార్చుకోవడం ఓటమి కాదు.

నాలుగేళ్ళ డిగ్రీ ఒక్కటే మార్గం కాదని కూడా గుర్తుంచుకోండి. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీ చేసినవారూ, నాలుగేళ్ళది చేసినవారూ రాసేది ఒకటే ఎన్‌క్లెక్స్ ఆర్.ఎన్. పరీక్ష. అయితే రెండు దారుల్లోనూ అనాటమీ తప్పదు.

ఆ అమ్మాయి వేసవిలో సి.ఎన్.ఎ. శిక్షణ పొంది, ఒక నర్సింగ్ హోంలో చేరింది. పని గంటలు తగ్గించుకుని కెమిస్ట్రీ ఒక్కటే తన కాలేజీలోనే మళ్ళీ తీసుకుంది. 'బి' వచ్చింది. ఇప్పుడు అనాటమీ చదువుతోంది. సీటు ఇంకా రాలేదు, వస్తుందని మేము హామీ ఇవ్వలేము. కానీ ఇప్పుడు ప్రతి పరీక్ష మార్కూ ఇంట్లో చెబుతోంది.

పిల్లలూ, 1974 నాటి చట్టం వల్ల కాలేజీ గ్రేడ్లపై హక్కు మీదే. కాలేజీ వాటిని సాధారణంగా అమ్మానాన్నలకు ఇంటికి పంపదు. కాబట్టి మీరే చెప్పాలి, తొందరగా చెప్పాలి. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. వాళ్ళు చెప్పిన రోజున ముందు అన్నం పెట్టండి. నలుగురి సంగతి తరువాత చూసుకుందాం.